సీఎన్‌సీ ప్రోగ్రాంలో ఫీడ్ పెంచాలా? అయిదు దారుల్లో మీ షాపుకు ఏది సరిపోతుంది

సైకిల్ టైమ్, అంటే ఒక్కో జాబ్ (కోసే ముక్క) పూర్తవడానికి పట్టే సమయం తగ్గించమని పైనుంచి మాట రాగానే చాలా షాపుల్లో మొదట జరిగే పని, మెషిన్‌ను నడిపే ప్రోగ్రాం తెరిచి, ఫీడ్‌ను (టూల్ ముందుకు కదిలే వేగాన్ని) చెప్పే ఎఫ్ విలువలన్నింటినీ ఒకేసారి 20 శాతం పెంచేయడం. మొదటి రెండు మూడు జాబ్‌లు బాగానే వస్తాయి. తర్వాత ఏదో ఒక మూలలో ఎండ్ మిల్ (మిల్లింగ్‌లో కోసే కట్టర్) విరుగుతుంది. విరిగిన ముక్క జాబ్‌ను గీరేస్తుంది. అప్పటిదాకా మిగిలిన నిమిషాలన్నీ ఆ ఒక్క స్క్రాప్‌తో పోతాయి. దాంతో మన మెషిన్‌కి ఇంతే అనుకుని పాత ఫీడ్‌కే తిరిగొస్తారు.

టూల్ మీద పడే బరువు ప్రోగ్రాం పొడవునా ఒకేలా ఉండదు. తిన్నగా వెళ్లేచోట తేలిగ్గా ఉంటుంది, మూలలోకి రాగానే ఒక్కసారిగా పెరుగుతుంది, గాలిలో నడిచేచోట అసలే ఉండదు. పాత ఎఫ్ విలువను ఎవరో ఆ అన్నిటికన్నా బరువైన చోటును దృష్టిలో పెట్టుకునే రాసి ఉంటారు. అంతటా సమానంగా పెంచితే ముందు విరిగేది అక్కడే. అందుకే ఫీడ్ పెంచే పద్ధతి ఏది ఎంచుకోవాలన్నా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: బరువు ఎక్కడ పెరుగుతోందో ఈ పద్ధతికి కనిపిస్తుందా? ఈ అయిదు దారులనూ ఆ ప్రశ్న మీదే పోలుస్తాను.

పోలికకు ఒక జాబ్

బాలానగర్, చర్లపల్లి, ఆటోనగర్ షాపులకు బాగా అలవాటైన పనే తీసుకుందాం. ఈఎన్8 రకం స్టీల్ దిమ్మలో 24 మి.మీ. లోతు పాకెట్ (గుంత), మూలల వ్యాసార్ధం 8 మి.మీ. టూల్ 12 మి.మీ. నాలుగు పళ్ల సాలిడ్ కార్బైడ్ ఎండ్ మిల్. మెషిన్ బీటీ40 (టూల్ హోల్డర్ సైజు) స్పిండిల్ ఉన్న వీఎంసీ, అంటే నిలువు మిల్లింగ్ సెంటర్.

కటింగ్ స్పీడ్ నిమిషానికి 120 మీటర్లు అనుకుంటే స్పిండిల్ 3183 ఆర్‌పీఎం దగ్గర తిరగాలి. పంటికి 0.06 మి.మీ. చొప్పున నాలుగు పళ్లకు లెక్క వేస్తే ఫీడ్ నిమిషానికి 764 మి.మీ. వస్తుంది. 12 మి.మీ. డెప్త్, 6 మి.మీ. స్టెప్‌ఓవర్‌తో (ఒక్కో వరుసకు పక్కకు జరిగే దూరం) ఇది నిమిషానికి 55 ఘన సెంటీమీటర్ల మెటల్ తీస్తుంది, అందుకు స్పిండిల్ దగ్గర సుమారు 1.8 కిలోవాట్లు కావాలి. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న విలువలు. మీ టూల్‌కు మాత్రం దాని కేటలాగ్‌లో ఉన్న పట్టికే ప్రమాణం.

స్పీడ్ పెంచాలా, ఫీడ్ పెంచాలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. 1906లో ఎఫ్.డబ్ల్యు. టేలర్ అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టిన టూల్ ఆయుష్షు సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. కార్బైడ్‌కు ఆ సూత్రంలోని ఘాతం 0.25 దగ్గర అనుకుంటే, కటింగ్ స్పీడ్ 20 శాతం పెంచితే టూల్ ఆయుష్షు సగానికి కాస్త కిందికే పడిపోతుంది. ఫీడ్ అంతే పెంచితే ఆయుష్షు మీద దెబ్బ చాలా తక్కువ. కాకపోతే ఫీడ్ పెరిగితే బలం పెరుగుతుంది. చిప్ మందం రెట్టింపైతే పంటి మీద బలం సుమారు 1.7 రెట్లవుతుంది. అంటే స్పీడ్ టూల్‌ను అరగదీస్తుంది, ఫీడ్ టూల్‌ను విరిచేస్తుంది. నిమిషాలు కావాలంటే ముందు ఫీడ్ వైపు చూడడం సరైనదే, విరిగే చోటు ఎక్కడో తెలిసి ఉంటే.

తక్కువ ఫీడే భద్రం అనుకోవడం కూడా పొరపాటు. చిప్ మరీ పలచనైతే పన్ను కోయడం మానేసి రుద్దుతుంది. ఎస్ఎస్304 లాంటి స్టీల్‌లో ఆ రాపిడికి పైపొర గట్టిపడి, తర్వాతి పన్ను ఆ గట్టి పొరలో దిగాల్సి వస్తుంది. భయపడి ఓవర్‌రైడ్‌ను (ప్రోగ్రాంలోని ఫీడ్‌ను శాతంలో మార్చే నాబ్‌ను) 40కి తిప్పి రోజంతా నడిపించే చోట టూళ్లు త్వరగా పోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

మొదటి దారి: ఓవర్‌రైడ్ నాబ్

ఖర్చు లేదు, వెంటనే పనిచేస్తుంది, శబ్దం మారితే వెంటనే వెనక్కి తిప్పొచ్చు. కొత్త జాబ్ మీద హద్దు ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు.

కానీ శాశ్వత పరిష్కారంగా ఇది పనికిరాదు. నాబ్‌కు మూల తెలియదు, తిన్నటి దారి తెలియదు. రెండింటినీ ఒకే శాతం పెంచుతుంది. పైగా అది ఎక్కడా రాసి ఉండదు. పగటి షిఫ్టులో ఒకరు 130 దగ్గర నడిపించింది రాత్రి షిఫ్టులో ఇంకొకరు 80 దగ్గర నడిపిస్తే, టూల్ ఎన్ని జాబ్‌లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. నాబ్‌తో తెలుసుకున్నదాన్ని ప్రోగ్రాంలోకి ఎక్కించి, నాబ్‌ను తిరిగి 100కు తెచ్చి పెట్టాలి. షాపులో ఈ ఒక్క నియమం పాటించినా సగం గందరగోళం పోతుంది.

రెండో దారి: ప్రోగ్రాంలో చేత్తో మార్చడం

చిన్న షాపులకు నిజంగా లాభం తెచ్చేది ఇదే, ప్రమాదాలు ఎక్కువున్నదీ ఇందులోనే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మొదట చూడాల్సింది కోత కాదు, గాలి. జి81 డ్రిల్లింగ్ సైకిల్‌లో ఆర్ ప్లేన్ (వేగంగా దిగడం ఆగి ఫీడ్ మొదలయ్యే ఎత్తు) జాబ్‌కు 50 మి.మీ. పైన పెట్టి ఉంది, ఫీడ్ నిమిషానికి 200 మి.మీ. అనుకోండి. ఆర్ ప్లేన్‌ను 2 మి.మీ.కి తెస్తే ఒక్కో రంధ్రానికి 14 సెకన్లకు పైగా మిగులుతుంది. 16 రంధ్రాలుంటే 4 నిమిషాలకు కాస్త తక్కువ. టూల్ మీద ఒక్క గ్రాము బరువు పెరగకుండా వచ్చిన లాభం ఇది. కోత ఫీడ్ జోలికి పోకముందే ఇలాంటివన్నీ ఏరాలి. ఒక్క జాగ్రత్త: రంధ్రాల మధ్య క్లాంప్ అడ్డం ఉంటే జి99 (ఆర్ ప్లేన్ దాకే లేచే కోడ్) వదిలి జి98 (మొదటి ఎత్తు దాకా లేచే కోడ్) పెట్టాలి, లేకపోతే టూల్ తక్కువ ఎత్తులోనే పక్కకు కదిలి క్లాంప్‌ను గుద్దుతుంది.

రెండోది, ఎఫ్ ఒకసారి రాస్తే మళ్లీ కొత్త ఎఫ్ వచ్చేదాకా అదే నడుస్తుంది. జెడ్ కిందికి దిగే లైన్‌లో ఎఫ్150 ఉండి, తర్వాతి లైన్‌లో ఎఫ్764 ఉన్నప్పుడు, ఎవరైనా ఆ రెండో ఎఫ్‌ను పొరపాటున తీసేస్తే పాకెట్ అంతా 150తో రుద్దుకుంటూ నడుస్తుంది. మొదటిదాన్ని తీసేస్తే ఇంకా ఘోరం: అంతకు ముందున్న కోత ఫీడ్‌తోనే టూల్ మెటల్‌లోకి నిలువునా దిగుతుంది. ఎఫ్ మార్చినప్పుడల్లా దాని కింది లైన్లలో అది ఎక్కడిదాకా అమల్లో ఉంటుందో చూసుకోవడం తప్పనిసరి.

ఫానుక్ తరహా కంట్రోల్‌లో (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) దీనికి చక్కని పద్ధతి ఉంది. ప్రోగ్రాం మొదట్లోనే #101 అనే వేరియబుల్‌లో కోత ఫీడ్, #102లో దిగే ఫీడ్, #103లో మూల ఫీడ్ పెట్టుకుని, లోపల ఎఫ్#101, ఎఫ్#102 అని వాడుకోవడం. అప్పుడు మార్చాల్సినవి మూడే లైన్లు. ఫ్యూజన్ లాంటి క్యామ్‌లలో (టూల్ దారిని తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) కొన్ని పోస్ట్ ప్రాసెసర్లు (ఆ దారిని మెషిన్ కోడ్‌గా మార్చేవి) ఇలాగే ఫీడ్‌లను వేరియబుల్స్‌గా రాసిచ్చే సదుపాయం ఇస్తాయి.

మూడోది మూలలు. మన పాకెట్‌లో గోడ మూల వ్యాసార్ధం 8, కట్టర్ వ్యాసార్ధం 6. కాబట్టి మూలలో కట్టర్ కేంద్రం 2 మి.మీ. వ్యాసార్ధంతో తిరుగుతుంది. కేంద్రం 764తో కదిలితే, గోడను తాకే అంచు దానికి 4 రెట్లు, అంటే 3000కు పైగా వేగంతో గోడ వెంట పోతుంది. గోడ దగ్గర కూడా 764 ఉండాలంటే మూల ఆర్క్‌లో ఎఫ్ విలువ 191 కావాలి. లెక్క సులువు: మూల వ్యాసార్ధంలోంచి కట్టర్ వ్యాసార్ధం తీసేసి, వచ్చినదాన్ని మూల వ్యాసార్ధంతో భాగించి, దాంతో ఎఫ్‌ను గుణించాలి. బయటి ఆర్క్ మీద దీనికి తిరగబడుతుంది, అక్కడ కేంద్రం ఫీడ్ పెంచాలి. హైడెన్‌హైన్ కంట్రోల్‌లో ఎం109, ఎం110 కోడ్‌లు, సీమెన్స్‌లో సీఎఫ్‌సీ ఆదేశం ఈ పనే చేస్తాయి.

ఫానుక్‌లో జి62 ఉంది కదా అంటారు. లోపలి మూలల దగ్గర ఫీడ్‌ను దానంతట అదే తగ్గించే కోడ్ అది. అయితే అది పనిచేసేది కట్టర్ కాంపెన్సేషన్ (గోడ గీత ఇస్తే కట్టర్ వ్యాసార్ధం మేర కంట్రోలే పక్కకు జరపడం), అంటే జి41 లేదా జి42 అమల్లో ఉన్నప్పుడే. క్యామ్ నుంచి కట్టర్ కేంద్రం దారే వస్తే జి62 రాసినా ఏమీ జరగదు. ఈ సంగతి తెలియక ధైర్యంగా ఫీడ్ పెంచడం చాలా ప్రమాదం.

చేతి సవరణకు ఇంకో లోటు కూడా ఉంది. క్యామ్‌లోంచి మళ్లీ పోస్ట్ చేస్తే మీరు మార్చినవన్నీ చెరిగిపోతాయి. మెషిన్ మీద మార్చిన ప్రతి ఎఫ్‌నూ క్యామ్ ఫైల్‌లో కూడా మార్చే అలవాటు లేని షాపులో ఈ దారి ఎక్కువకాలం నిలవదు.

మూడో దారి: టూల్‌పాత్‌నే మార్చడం

ఫ్యూజన్‌లో అడాప్టివ్ క్లియరింగ్, మాస్టర్‌క్యామ్‌లో డైనమిక్, సాలిడ్‌క్యామ్‌లో ఐమెషినింగ్. పేర్లు వేరైనా వాటి వెనకున్న ఆలోచన ఒకటే. కట్టర్ మెటల్‌లో ఎంత కోణం మేర మునిగి ఉందో దాన్ని దారి పొడవునా దాదాపు స్థిరంగా ఉంచుతాయి. బరువును చూసి ఫీడ్ మార్చడానికి బదులు, బరువు మారకుండా దారినే గీస్తాయి. పాకెట్ రఫింగ్‌కు (ముందుగా ఎక్కువ మెటల్ తీసే కోత) నేను ముందు సిఫారసు చేసేది ఇదే.

ఇందులో లాభం ఎక్కడినుంచి వస్తుందో చూడండి. స్టెప్‌ఓవర్ కట్టర్ వ్యాసంలో సగం కన్నా తక్కువైనప్పుడు చిప్ అసలు మందం పంటి ఫీడ్ కన్నా పలచన అవుతుంది. స్టెప్‌ఓవర్ వ్యాసంలో 10 శాతం అయితే చిప్ 0.6 వంతే వస్తుంది. 0.06 మందం కావాలంటే పంటి ఫీడ్ 0.1 పెట్టాలి. 20 శాతం స్టెప్‌ఓవర్‌కు 1.25 రెట్లు, 5 శాతానికి సుమారు 2.3 రెట్లు పెంచొచ్చు.

మన పాకెట్‌లో 24 మి.మీ. లోతు మొత్తం ఒకేసారి, 1.2 మి.మీ. స్టెప్‌ఓవర్, పంటికి 0.1 తీసుకుందాం. ప్రతి పన్ను మెటల్‌లో ఉండేది కొద్దిసేపే కాబట్టి వేడి తక్కువ, కటింగ్ స్పీడ్‌ను 200కు పెంచే వీలుంటుంది. స్పిండిల్ 5305, ఫీడ్ 2122. తీసే మెటల్ నిమిషానికి సుమారు 61 ఘన సెంటీమీటర్లు. పాత పద్ధతిలో 55. అంకెల్లో తేడా పెద్దగా కనిపించదు. అసలు లాభం వేరేచోట ఉంది: మూలల దగ్గర భయం తగ్గుతుంది, కట్టర్ అంచు అడుగునుంచి పైదాకా సమానంగా అరుగుతుంది, రాత్రంతా ఒకే శబ్దంతో నడుస్తుంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్తగా చదవండి. చిప్ పలచనవుతుంది కాబట్టి ఫీడ్ పెంచొచ్చన్న లెక్కను మామూలు పాకెట్ దారికి వాడకూడదు. తిన్నగా వెళ్లేటప్పుడు 10 శాతం స్టెప్‌ఓవర్‌లో కట్టర్ మునిగే కోణం 37 డిగ్రీలు. కట్టర్ వ్యాసార్ధంతో సమానమైన 90 డిగ్రీల మూలకు చేరేసరికి అది 127 డిగ్రీల దాకా పోతుంది. అక్కడ చిప్ పలచనవ్వదు. పంటి ఫీడ్ 0.1 అయితే చిప్ కూడా నిండుగా 0.1. కేటలాగ్ చెప్పినదానికి అది 1.67 రెట్లు, అదీ పూర్తి లోతు మీద. అందుకే పెంచిన ఫీడూ స్థిర కోణం దారీ జంటగానే రావాలి.

ఇంకో మాట. నిండు లోతులో హెలికల్ పళ్లు టూల్‌ను కిందికి లాగుతాయి. ఈఆర్ కోలెట్‌లో (టూల్‌ను పట్టుకునే స్లీవ్) సరిగ్గా బిగించకపోతే టూల్ కొద్దికొద్దిగా జారి పాకెట్ అడుగు లోతైపోతుంది. హోల్డర్ గట్టిది లేనప్పుడు లోతు తగ్గించుకోవడమే మంచిది. పాత కంట్రోల్ ఉన్న మెషిన్‌లో మెమరీ, బ్లాక్‌లు (ప్రోగ్రాం లైన్లు) చదివే వేగం కూడా అడ్డొస్తాయి. 0.1 మి.మీ. ముక్కలుగా దారి వస్తూ, ఒక్కో బ్లాక్‌కు కంట్రోల్ 4 మిల్లీ సెకన్లు తీసుకుంటే, ఎఫ్ ఎంత రాసినా మెషిన్ 1500 దాటి నడవదు.

నాలుగో దారి: జి కోడ్‌ను చదివి ఫీడ్ మార్చే సాఫ్ట్‌వేర్

సీజీటెక్ కంపెనీ వెరికట్‌లో ఉన్న ఫోర్స్ మాడ్యూల్ ఈ కోవకు చెందినది. ముడి దిమ్మ, ఫిక్చర్, టూల్ ఆకారం ఇస్తే ప్రోగ్రాం మొత్తాన్ని కంప్యూటర్‌లో కోయించి, ప్రతి కదలికలో కట్టర్ ఎంత మెటల్ తీస్తోందో, చిప్ మందమెంతో, బలం ఎంత పడుతుందో లెక్కగడుతుంది. తర్వాత దారిని కదిలించకుండా బ్లాక్‌లను చిన్న ముక్కలు చేసి ఒక్కోదానికి తగిన ఎఫ్ రాస్తుంది. గాలిలో వేగం, మూలలో నెమ్మది. నేను మొదట అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు ఇచ్చే దారి ఇదే. పైగా మెషిన్ మీద ఒక్క చిప్ పడకముందే ఇస్తుంది.

ఖర్చు ఎక్కువ. దానికన్నా ఎక్కువ కావాల్సింది క్రమశిక్షణ. కంప్యూటర్‌లో ముడి దిమ్మ 102 మి.మీ. అని ఉండి మెషిన్ మీదికి 106 వస్తే, గాలి అనుకుని వేగంగా వెళ్లమన్న చోటే మెటల్ ఉంటుంది. మామూలు ప్రోగ్రాం కన్నా ఆప్టిమైజ్ చేసిన ప్రోగ్రాంలో ఈ తప్పు ప్రమాదకరం, ఎందుకంటే ఉన్న కాస్త జాగా కూడా అది వాడేసుకుంది. కోసే ముడిసరుకు కొలతలు నమ్మకంగా ఉండని షాపులో దీన్ని కొనొద్దనే నా సలహా.

అయిదో దారి: మెషినే చూసుకుని మార్చుకోవడం

అడాప్టివ్ ఫీడ్ కంట్రోల్ స్పిండిల్ లోడ్‌ను నడుస్తుండగానే చూస్తూ ఫీడ్‌ను పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. హైడెన్‌హైన్‌లో ఏఎఫ్‌సీ, ఫానుక్‌లో ఐఅడాప్ట్ ఎస్ ఈ పనికే. హైడెన్‌హైన్‌లో ముందు ఒక కోత నేర్పాలి. ఆ కోతలో టూల్‌కు ఎంత పవర్ పట్టిందో గుర్తుపెట్టుకుని, తర్వాతి జాబ్‌లలో మీరిచ్చిన కనిష్ఠ గరిష్ఠ హద్దుల మధ్య ఫీడ్‌ను సర్దుతుంది. హద్దు దాటి లోడ్ పెరిగితే ఆపేయమనీ చెప్పొచ్చు.

పోత, ఫోర్జింగ్ జాబ్‌లకు దీన్ని మించింది లేదు. ఒక పోత మీద 3 మి.మీ. అలవెన్స్ (కోసి తీయడానికి వదిలిన అదనపు మెటల్), ఇంకో దాని మీద 6 మి.మీ. ఉంటే అది ఏ క్యామ్‌కూ ముందే తెలియదు, మెషిన్‌కు మాత్రం తెలుస్తుంది.

కానీ చిన్న టూళ్లను ఇది కాపాడలేదు. 4 మి.మీ. ఎండ్ మిల్ 4 మి.మీ. లోతు, 1 మి.మీ. స్టెప్‌ఓవర్‌తో 600 ఫీడ్‌లో స్టీల్ కోస్తే పట్టే పవర్ 0.08 కిలోవాట్లు. 11 కిలోవాట్ల స్పిండిల్‌లో అది ఒక శాతం కూడా కాదు. టూల్ విరిగినా మీటర్ ముల్లు కదలదు. రెండోది, బరువు పెరిగాకే దానికి తెలుస్తుంది. 2000 ఫీడ్ అంటే సెకనుకు 33 మి.మీ. స్పందించడానికి 50 మిల్లీ సెకన్లు పట్టిందనుకుంటే, అప్పటికే టూల్ సుమారు 1.7 మి.మీ. లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. మూలను ముందే చూసే దారికి తోడుగా దీన్ని పెట్టుకోవాలి. దాని బదులు కాదు.

ఇక మీకు ఏది

ఒకటి రెండు ముక్కలు చేసి మరిచిపోయే జాబ్ షాపు అయితే గాలి కోతలు తీసేయండి, రఫింగ్‌ను స్థిర కోణం దారికి మార్చండి, అక్కడితో ఆపేయండి. ఎఫ్ విలువలతో కుస్తీ పట్టే సమయం ఆ జాబ్‌లో తిరిగి రాదు. క్యామ్ లేకుండా చేతి ప్రోగ్రాంలే నడిచే షాపుకు వేరియబుల్ ఫీడ్‌లు, మూల లెక్క చాలు.

అదే జాబ్ నెలనెలా వందల్లో వస్తుంటే ఒక్కో సెకనుకూ విలువ ఉంది. అప్పుడు నాబ్‌తో హద్దు వెతికి, లోడ్ మీటర్ రాసుకుని, మూలలకు వేరే ఎఫ్ పెట్టడం మొదలుపెట్టండి. ఏరోస్పేస్ భాగాల్లాంటి ఖరీదైన మెటల్, గంటల కొద్దీ నడిచే ప్రోగ్రాం, ముడిసరుకు కొలతలు కచ్చితం అయితే నాలుగో దారికి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఒక్క టైటానియం జాబ్ పోతే ఎంత నష్టమో ఆ షాపు వాళ్లకే బాగా తెలుసు. పోతలు కోసేవాళ్లు, రాత్రి మనిషి లేకుండా నడిపేవాళ్లు అయిదోదాన్ని చూడాలి, టూల్ 10 మి.మీ. కన్నా పెద్దదై ఉంటే.

ఏ దారైనా తాకకూడని ఎఫ్‌లు

ట్యాపింగ్‌లో (రంధ్రం లోపల మర కోయడం) ఎఫ్ అంటే ఆర్‌పీఎం ఇంటూ పిచ్ (ఒక మరకూ తర్వాతి మరకూ మధ్య దూరం). ఎం10 ట్యాప్, 1.5 పిచ్, 400 ఆర్‌పీఎం అయితే ఎఫ్ 600, అంతే. ప్రోగ్రాం మొత్తంలో ఎఫ్‌లను శాతంతో పెంచే ఎడిటర్ ఆదేశం ఇచ్చినప్పుడు ముందు విరిగేది ట్యాపే. లేత్ మీద థ్రెడ్ కోసే లైన్లకూ ఇదే వర్తిస్తుంది. అయిదు యాక్సిస్ ప్రోగ్రాంలో జి93 ఉంటే ఎఫ్ దూరానికి సంబంధించింది కాదు, ఆ బ్లాక్ ఎంత సమయంలో పూర్తవాలో చెప్పే సంఖ్య. దాన్ని చేత్తో ముట్టుకోవద్దు, క్యామ్‌లోనే మార్చండి.

ఫినిషింగ్ పాస్ ఇంకో రకం. టర్నింగ్‌లో ఉపరితలం గీతల ఎత్తు ఫీడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొన వ్యాసార్ధం 0.8 మి.మీ. ఉన్న ఇన్సర్ట్‌తో తిరుగుకు 0.1 మి.మీ. ఫీడ్‌లో సుమారు 1.6 మైక్రాన్లు ఉంటే 0.2లో 6.3 మైక్రాన్లకు చేరుతుంది. రెట్టింపు ఫీడ్, నాలుగు రెట్ల గరుకు.

ట్రయల్ ఎలా వేయాలి

డ్రై రన్ బటన్ ఎఫ్‌ను పరీక్షించదు. అది ప్రోగ్రాం ఫీడ్ బదులు జాగ్ ఫీడ్ (చేత్తో కదిపేటప్పటి వేగం) వాడుతుంది. సింగిల్ బ్లాక్ కూడా కోత మధ్యలో ఆగి రుద్దుతుంది, గీత పడుతుంది. ముందు జెడ్ ఆఫ్‌సెట్ పైకెత్తి గాలిలో ఎఫ్‌లతో సహా మామూలుగా నడిపి చూడండి, ఆ తర్వాత నాబ్‌ను 50 దగ్గర పెట్టి మెటల్‌లోకి దింపండి, 10 చొప్పున పెంచుకుంటూ 100కు రండి. ఒక్కో మెట్టు దగ్గర లోడ్ మీటర్, చిప్ ఆకారం, మూలలో శబ్దం గమనించండి. 100 దాటి వెళ్లాలనిపిస్తే ఇంకో టూల్ చేతిలో ఉందో లేదో చూసుకుని వెళ్లండి.

దొరికిన ఫీడ్‌ను ప్రోగ్రాంలో రాసేటప్పుడు పక్కనే కామెంట్‌లో హోల్డర్ రకం, టూల్ ఎంత బయటికి ఉందో కూడా రాయండి. టూల్ వంగడం బయటి పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 30 మి.మీ. బయటికి పెట్టి సాధించిన ఫీడ్‌ను ఎవరో 40 మి.మీ. పెట్టి నడిపితే అదే బలానికి టూల్ 2.4 రెట్లు వంగుతుంది. గోడ ఏటవాలుగా వస్తుంది, లేదా టూల్ విరుగుతుంది.